సమస్యాపూరణం: “పనిని చేయువాడె పనికిరాడు”

సంచాలకుడు:
మిత్రులందరికీ నమస్కారం. నిన్న సాయంకాలం బస్సులో నా వెనక సీటులో కూర్చున్న ఇద్దరు ఉద్యోగులు తమ పై అధికారిని తిట్టుకుంటూ ఉండగా ఒకాయన నోట ఈ పాదం యథాతథంగా జారిపడింది. తాను ఆటవెలది పద్యపాదం చెప్పానన్న సంగతి ఆయనకు తెలియదు. యతితో (పాదం మొదటి అక్షరానికి నడుమ ఒక అక్షరం జత కుదరడంతో) సహా కుదిరిన ఆ మాటను వదులుకోలేక ఈ వారం సమస్యగా ఇస్తున్నాను. దీనిని చివరి పాదంగా ఉంచి, పైన మూడు పాదాలు చేర్చి పద్యం పూరించండి.

పనిని చేయువాడె పనికిరాడు

కూకట్‌పల్లి కుర్రాడు:
అందరికంటే ముందుగా నా పూరణ.

ఇంటి నుండి చేయు నింపైన కొలువాయె
లుంగి విడువకుండ లోగిలందె
ఆఫిసునకు పోయి యలసట పడనేల
పనిని చేయువాడె పనికి రాడు

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు రెండు వారాలకని ఇంటికి తెచ్చుకున్న లాప్‌టాప్‌ను నేను తిరిగి ఆఫీసు బల్ల మీద పెట్టేసరికి రెండేళ్ళు దాటింది. ఆ రెండేళ్ళూ పని చేశాను గాని పనికి రాలేదు.

బందరు బ్యాంకు:
“పనికిరాడు”ను “పనికి రాడు” అని విరవడం బాగుంది. అయితే “ఆఫీసు”లోని దీర్ఘాన్ని ఏ అధికారంతో కుదించారో తెలియడం లేదు. కృష్ణా జిల్లాలో చదువురాని వారు కూడా “ఆపీసు” అని ఫ కారాన్ని మారుస్తారే తప్ప దీర్ఘం జోలికి పోరు. గణం కోసం దీర్ఘాలను నరుకుతూ పోతే రేపు “జీతము”ను “జితము” అంటారు. అది ఇప్పటికే అలాగే ఉన్నదని మీరు అనవచ్చు, అది వేరు విషయం.

కూకట్‌పల్లి కుర్రాడు:
తప్పు ఒప్పుకుంటున్నానండీ. మూడవ పాదాన్ని “ఆరు మైళ్ళు తిరిగి యలసట పడనేల” అని మారుస్తున్నాను. మా ఇంటి నుంచి హైటెక్ సిటీకి ఆరు మైళ్ళు ఉండకపోవచ్చు గాని, జేఎన్‌టీయూ కూడలి దాటిన వారెవరూ నన్ను తప్పుపట్టరు.

విశ్రాంత తహసీల్దారు:
ఈ విరుపు నాకు నిన్న రాత్రే తట్టింది. ఒంటి వేలితో టైపు చేసేవాడిని కనుక వెనుకబడ్డాను గాని, నోటు పుస్తకంలో తేదీ వేసి ఉన్నది. అయినా నాది ఇంటి నుంచి పని చేసేవాడి మాట కాదు, నా ఇంటి పని చేయవలసినవాడి మాట.

రేపు వత్తుననుచు రెండు వేలు గొనెను
గోడ సగము లేచి కూలుచుండె
ఫోను చేయ నెంత పోరినా పలుకడు
పనిని చేయువాడె పనికి రాడు

కల్పన ఏమీ లేదు. ప్రహరీ గోడ నడుము ఎత్తున ఆగి పదకొండు రోజులైంది. ముప్పై ఏళ్ళ పాటు “రేపు రండి” అని జనాన్ని తిప్పినవాడికి ఒక తాపీమేస్త్రి ఆ మాటను తిరిగి అప్పజెబుతున్నాడని మా ఇంటావిడ నవ్వుతున్నది.

మాదాపూర్ మేనేజరు:
తహసీల్దారు గారి పద్యంలో గోడ కూలుతున్నది గాని గణాలు నిలిచాయి. నా ప్రయత్నం ఇది.

లాగిన్ చేసి యొకడు లంచికి బోవును
మౌసు కదుపు యంత్రమచట నుంచి
పని యొనర్పకున్న పచ్చచుక్క వెలుగ
పనిని చేయువాడె పనికిరాడు

తెలియనివారి కోసం ఒక మాట చెప్పాలి. మనిషి కంప్యూటరు ముందు ఉన్నంతసేపూ అతని పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతుంది. కాసేపు కదలకపోతే అది పసుపు రంగుకు తిరుగుతుంది. ఆ చుక్కను కాపాడటానికి మౌసును దానంతట అదే కదిపే చిన్న పరికరాలు అమ్ముతారు. మా జట్టులో నిజంగా ఆలోచించేవాడు కాగితం మీద రాసుకుంటూ గంటసేపు మౌసు ముట్టుకోడు. అతని చుక్క పసుపు, యంత్రం కొనుక్కున్నవాడి చుక్క పచ్చ. నెలాఖరు నివేదికలో ఎవరు కష్టపడినట్టు తేలుతుందో వేరే చెప్పనక్కరలేదు.

బందరు బ్యాంకు:
భావం కొత్తది, కాదనను. అయితే మొదటి అడుగే పల్లంలో పడింది. “లాగిన్” చివర పొల్లు వల్ల “గి” గురువైపోయింది. పాదం మొదట రావలసిన సూర్యగణమంటే గురువు, లఘువు గాని, మూడు లఘువులు గాని. రెండు గురువులతో సూర్యగణం ఏ లోకంలో ఉన్నదో మేనేజరు గారే సెలవియ్యాలి. ఇక రెండవ పాదంలో “యంత్రము” ప్లస్ “అచట” కలిపి పుట్టించిన “మ”తో మౌసుకు యతి వేశారు. ఇది అఖండయతి కాదా? పోయిన నెల “సెలవు దినమె మిగుల చేటు దెచ్చె” అన్న సమస్యకు నేను “వడలు కోరు బంధు వచట జేరె” అని రాస్తే, అఖండయతి అంటూ నాలుగు వ్యాఖ్యల పాటు నన్ను నిలువునా నిలబెట్టింది తమరే. నా “అచట” దోషమైతే తమ “అచట” అలంకారమా?

మాదాపూర్ మేనేజరు:
మీరు ఆ వడలను ఇంకా అరిగించుకోలేదన్నమాట. “లాగిన్” విషయంలో మేము “లాగిను” అనే పలుకుతామని వాదించవచ్చు గాని, మీతో వాదిస్తే మధ్యాహ్నపు మీటింగు తప్పుతుంది. మొదటి పాదాన్ని “లాగినయ్యి యొకడు లంచికి బోవును” అనీ, రెండవ దానిని “మౌసు కదుపు యంత్ర మహిమచేత” అనీ సవరించాను. ఇప్పుడు “మ” ఎవరి దగ్గరా అప్పు తెచ్చినది కాదు.

సంచాలకుడు:
“యంత్ర మహిమచేత” అన్న సవరణ మూలం కంటే బాగుంది. దోషం పట్టినవారికి కూడా ఇందులో వాటా ఉన్నది.

బందరు బ్యాంకు:
వాటా అన్నారు కనుక నా పద్యం కూడా అందుకోండి. మార్చి నెలాఖరున ఖాతాలు ముగించడానికి అర్ధరాత్రి దాకా కూర్చుని, ఏప్రిల్ 1న జనానికి తలుపులు మూసి లోపల లెక్కలు సరిచూసుకున్న ఏళ్ళు నాకు చాలా ఉన్నాయి. పదోన్నతుల జాబితా వచ్చేది కూడా అప్పుడే.

పొగడునట్టివాడు పొందును పదవిని
వంగి దండమిడిన వాడె ఘనుడు
మార్చి నెల మదింపు మహిమమ్ము గనరయ్య
పనిని చేయువాడె పనికిరాడు

మాదాపూర్ మేనేజరు:
గణాలు నిర్దుష్టం, యతులు నిర్దుష్టం. కాకపోతే సమస్య ఎక్కడ మొదలైందో పద్యం అక్కడే ముగిసింది. బస్సులో వెనక సీటు ఆయన అన్నదానికి మీరు మూడు పాదాల సాక్ష్యం చేర్చారు. ఇది పూరణం కాదు, ఫిర్యాదు.

బందరు బ్యాంకు:
ఫిర్యాదు ఛందస్సులో ఉంటే కనీసం ఒకరైనా చదువుతారని ఆశ. మేము కాగితాల మీద పెట్టుకున్నవి ఎవరూ చదవలేదు.

పాలమూరు పంచాయతీ:
నేను ఇక్కడ రాయడం తక్కువ. పద్యం పేలవమైతే మన్నించండి.

చెఱువు మట్టి తవ్వి చెమటోడ్చె మల్లయ్య
సిగ్నలందలేదు చిత్రమెక్క
హాజరీల యాపె యానాడు తేల్చెను
పనిని చేయువాడె పనికి రాడు

2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ సామూహిక పనుల దగ్గర కాగితం మీద హాజరు మస్టర్ రాయడం పోయి, పూటకొకసారి చొప్పున రోజుకు రెండుసార్లు కూలీల ఫోటో తీసి ఫోనులోని యాప్‌కు ఎక్కించాలన్న నియమం వచ్చింది. చెరువు కట్ట కింద సిగ్నలు అందదు. కూలీల పని చూసుకునే మేట్ ఫోను పట్టుకొని వేపచెట్టు ఎక్కడం నా కళ్ళతో చూశాను. ఉదయం ఫోటో ఎక్కి, రెండోది ఎక్కకపోతే, తవ్విన గుంత ఎదురుగా కనబడుతున్నా ఆ మనిషి పనికి రానట్టే లెక్క. ఈ సమస్యను మీరందరూ చమత్కారమని చదువుతున్నారు. మా దగ్గర అది హాజరు పట్టీ.

విశ్రాంత తహసీల్దారు:
అయ్యా, పేలవమని మీరు అనుకోవద్దు. మాలో కొందరం “పనికి రాడు” అని ఖాళీ పెట్టి తెలివి చూపించాము. మీరు మొదటి పాదంలోనే మనిషిని పని దగ్గర నిలబెట్టి, చివరి పాదంలో అతన్ని రాలేదనిపించారు. మనిషి అక్కడే ఉన్నాడు. రానిది సిగ్నలు ఒక్కటే. నా నోటు పుస్తకంలో తేదీ సంగతి ఉపసంహరించుకుంటున్నాను.

బందరు బ్యాంకు:
“హాజరీల” అన్న బహువచనం నా చెవికి కొంచెం గుచ్చుకుంటున్నది. అయినా “సి”కి “చి”తో యతి వేసిన తీరు చూస్తే ఈయన కొత్తవారు కారని తెలుస్తున్నది. ఇంతకంటే అనను.

ఒంగోలు పంతులమ్మ:
ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరిందన్న “కుంజర యూథంబు దోమ కుత్తుక జొచ్చెన్” సమస్యకు తెనాలి రామకృష్ణుడు విరటుని కొలువులో చేరిన పాండవులను చూపించాడని చాటు కథ. మనం దానిని చమత్కారానికే గుర్తుపెట్టుకున్నాము గాని, ఆలోచిస్తే అది అర్హతకు తగని ఉద్యోగంలో ఇరుక్కున్నవారి కథ: వంటశాలలో భీముడు, నాట్యశాలలో అర్జునుడు. అదే కొలువులో మన సమస్యకూ చోటు దొరికింది.

గోవులను మరల్చి కొనివచ్చె పార్థుండు
కొడుకు గెల్చెననుచు గులికె రాజు
నిజము చెప్ప ముక్కు నెత్తురు చిందెను
పనిని చేయువాడె పనికిరాడు

ఉత్తరకుమారుడు యుద్ధానికి భయపడి రథం దిగి పరుగెత్తినవాడు. సభలో మాత్రం గెలుపు అతనిదైంది. బృహన్నల వేషంలోని అర్జునుడు తోడుండగా గెలవక ఏమవుతాడని కంకుభట్టు వేషంలోని ధర్మరాజు అన్నందుకు విరాటుడు పాచిక విసిరి ముఖం పగులగొట్టాడు. మా బడిలో తనిఖీ జరిగిన ప్రతిసారీ నాకు ఈ ఘట్టమే గుర్తుకొస్తుంది. గోడ మీది పటాలను రాత్రంతా కూర్చుని గీసేది ఒకరు. వాటి పక్కన నిలబడి ఫోటో దిగేది వేరొకరు.

బందరు బ్యాంకు:
అమ్మా, ఇందులో వెతకడానికి నాకు ఏమీ మిగలలేదు. రెండవ పాదంలో “కులికె” అన్న మాట దగ్గర ఆగాను. “మురిసె” అంటే తండ్రి ప్రేమ అయ్యేది. “కులికె” అన్నారు కనుక అధికారి అయ్యాడు.

మాదాపూర్ మేనేజరు:
బందరు వారు ఒక పద్యానికి దోషం చూపకుండా వ్యాఖ్య ముగించడం ఈ వేదిక మీద నాకు తెలిసి ఇదే మొదటిసారి. కంకుభట్టును నేను మా సమావేశాల్లో చాలాసార్లు చూశాను. అయితే పాచిక విసిరినవారి జాబితాలో నా పేరు కూడా ఉండవచ్చునన్న అనుమానం ఈ పద్యం చదివాకే కలిగింది.

కూకట్‌పల్లి కుర్రాడు:
మేనేజరు గారూ, ఆ అనుమానాన్ని మార్చి దాకా నిలుపుకోవలసిందని ప్రార్థన.

సంచాలకుడు:
ఈ వారం ఒంగోలు పంతులమ్మ గారి పూరణకూ, పాలమూరు వారి పూరణకూ నా దృష్టిలో తేడా చూపలేను. ఒకటి పురాణంలో నుంచి వచ్చింది, మరొకటి కట్ట కింద నుంచి. ఇంతకూ తహసీల్దారు గారూ, మేస్త్రి వచ్చాడా?

విశ్రాంత తహసీల్దారు:
ఈ ఉదయం వచ్చాడు. గోడను చుట్టూ తిరిగి చూసి, ఇసుక తడిసిందని చెప్పి, ఇంకొక వెయ్యి పట్టుకొని వెళ్ళాడు. సత్యం కోసం పద్యంలో “మూడు వేలు” అని దిద్దాలి గాని, “రేపు”కు “మూడు”తో యతి కుదరడం లేదు.

బందరు బ్యాంకు:
“ముందు వత్తుననుచు మూడు వేలు గొనెను” అని దిద్దుకోండి. యతి సరిపోతుంది.

విశ్రాంత తహసీల్దారు:
కుదరదండీ. ఆయన ఈసారి కూడా “రేపు” అనే అన్నాడు.