అత్తయ్య నోట్లో తెల్లపూత: తేనె రాయొచ్చా?

ప్రశ్న: అత్తయ్యకు ఆస్తమా, షుగరు రెండూ ఉన్నాయి. ఈమధ్య నాలుక మీద, బుగ్గల లోపల పెరుగు తరకల్లా తెల్లగా పేరుకుంటోంది. తుడిస్తే ఊడి కింద ఎర్రగా కనిపిస్తోంది, ఒకటే మంట. ఆవిడ ఆవకాయ వద్దన్నారంటేనే మాకు టెన్షన్ పట్టుకుంది. పక్కింటావిడ తేనె రాయమంటోంది.

జవాబు 1: షుగరు మనిషికి తేనె ఎందుకండీ! ఇది క్యాండిడా అనే ఫంగస్‌లా ఉంది. ఇన్‌హేలర్‌లో స్టెరాయిడ్ ఉందేమో చూడండి. పీల్చిన ప్రతిసారీ నీళ్లు పుక్కిలించి ఉమ్మేయాలి. ఇన్‌హేలర్‌కు స్పేసర్ (తగిలించే గొట్టం) పెడితే మందు నోట్లో తక్కువ పడుతుంది. ఇన్‌హేలర్ మాత్రం సొంతంగా ఆపకండి.

జవాబు 2: కట్టుడు పళ్లున్నాయా? మా నాన్నకు క్లోట్రిమజోల్ మౌత్ పెయింట్‌తో (నోట్లో రాసే ఫంగస్ మందు) తగ్గేది, మళ్లీ వచ్చేది. రాత్రి సెట్టు తీసి, తోమి, నీళ్లలో వేయడం మొదలెట్టాకే వదిలింది.

ప్రశ్న అడిగినవారు: ఉన్నాయండీ, రాత్రి కూడా తీయరు! "బోసినోటితో అల్లుడి కంట పడనా?" అంటారు.

జవాబు 3: వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే డాక్టరుకు ముందే చెప్పండి, ఫంగస్‌కు నోట్లో రాసే మైకొనజోల్ జెల్ వాటితో పడదు. షుగరు పరీక్ష కూడా చేయించండి. ముద్ద మింగుతుంటే నొప్పి అంటే మాత్రం వెంటనే తీసుకెళ్లండి, ఫంగస్ అన్నవాహికలోకి దిగి ఉండొచ్చు.