గదిలో లైట్ల కింద ఆకుకూరలు: పెంచినవాళ్లు చెప్పండి

మియాపూర్_మూడో_అంతస్తు:
మా బాల్కనీకి ఎండ తగలదు. అందుకని ఖాళీగా ఉన్న చిన్న గదిలో ర్యాక్ పెట్టి, ఎల్‌ఈడీ లైట్ల కింద మట్టి లేకుండా లెట్యూస్, పాలకూర, పుదీనా పెంచాలనుకుంటున్నాం. కిట్ అమ్మే ఆయన "ఇది నాసా టెక్నాలజీ మేడమ్" అంటున్నాడు, రేటు కూడా ఆ స్థాయిలోనే చెప్పాడు. నిజంగా సంబంధం ఉందా? మంచీచెడూ చెప్పండి.

వేరు_నీరు:
సంబంధం ఉందండి. కానీ దానికి అంత రేటు పెట్టక్కర్లేదు. మట్టి లేకుండా నీళ్లలో టమాటాలు పండించడం 1930ల్లోనే కాలిఫోర్నియాలో గెరిక్ అనే శాస్త్రవేత్త చేసి చూపించారు. నాసా చేసింది వేరు. 1980ల చివర్లో ఫ్లోరిడాలోని కెనడీ స్పేస్ సెంటర్‌లో, మెర్క్యురీ ప్రాజెక్టు (అమెరికా తొలి మానవ అంతరిక్షయాత్రలు) నాటి పెద్ద ఉక్కు ఛాంబర్‌లో అరల మీద అరలు కట్టి, దీపాల వెలుగులో గోధుమ, సోయా, బంగాళాదుంప, లెట్యూస్ పండించారు. వేళ్ల కింద పలచగా నీళ్లు పారేవి. మొక్క ఎంత నీరు తాగింది, ఎంత కార్బన్ డయాక్సైడ్ తీసుకుంది, ఎంత ఆక్సిజన్ వదిలింది, అన్నీ కొలిచారు. ఎర్ర ఎల్‌ఈడీలతో మొక్కలు పెంచే పరిశోధన కూడా అంతరిక్షం కోసమే విస్కాన్సిన్ యూనివర్సిటీలో సాగింది. అవన్నీ ఇప్పుడు ఎవరైనా చదువుకోవచ్చు. పేరు చూసి కాదు, లైటూ పంపూ చూసి డబ్బులివ్వండి.

బెజవాడ_ఆకుకూర:
ముందు ఎండాకాలం సంగతి ఆలోచించండి మేడమ్. నీళ్లు వేడెక్కితే వాటిలో ఆక్సిజన్ తగ్గిపోతుంది. మే నెలలో మా టబ్బు నీళ్లు 30 డిగ్రీలు దాటాయి. తెల్లగా ఉండాల్సిన వేళ్లు గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే జిగురుగా ఊడి చేతికొచ్చాయి, ఒకటే వాసన. వేరుకుళ్లు అంటే అదే. నీళ్లు 25 లోపు ఉంచగలిగితేనే లెట్యూస్ పెట్టండి. మేమైతే ఎండాకాలంలో తోటకూర, బచ్చలితో సరిపెట్టుకుంటాం. ఇక కరెంటు: 100 వాట్ల లైటు రోజుకు 14 గంటలు వెలిగితే నెలకు 42 యూనిట్లు. స్లాబు మారిందంటే బిల్లు చూసి టెన్షనే.

పచ్చని_గది:
ఫ్యాన్ మాత్రం మర్చిపోకండి. ఆకు అంచులు మాడితే అందరూ మందు (నీళ్లలో కలిపే పోషకాలు) డబ్బా వైపే చూస్తారు. మా లెట్యూస్‌లో నడిమి లేతాకుల అంచులు నల్లబడ్డాయి. నీళ్లలో కాల్షియం కావాల్సినంత ఉంది. గాలి ఆడకపోతే ఆకు నుంచి తేమ సరిగా ఆవిరి కాదు. పైకి నీరు లాగకపోతే ఆ కాల్షియం లేతాకుకు చేరదు. చిన్న టేబుల్ ఫ్యాన్ పెట్టాక వచ్చిన ఆకులన్నీ శుభ్రంగా ఉన్నాయి.

స్పేస్ స్టేషన్‌లో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ, ఎందుకంటే అక్కడ వేడిగాలి తనంతట తాను పైకి లేవదు. 2015 చివర్లో వెజ్జీ అనే పెట్టెలో పెంచిన జినియా మొక్కల ఆకుల మీద నీటిబొట్లు నిలిచి బూజు పట్టింది. బూజు పట్టిన భాగాలు కత్తిరించి, ఫ్యాన్ స్పీడు పెంచారు. నీళ్లు ఎప్పుడు పెట్టాలో వ్యోమగామి స్కాట్ కెల్లీనే మొక్కను చూసి నిర్ణయించుకోమన్నారు. 2016 జనవరిలో పూలు పూశాయి. టైమర్ పెట్టినా రోజూ ఒకసారి చూడమని అందుకే అంటాను.

నిజాంపేట_బోరునీళ్లు:
మా వైపు బోరునీళ్లు బాగా ఉప్పన. మందు కలపకముందే, నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే మీటర్ ఎక్కువ చూపిస్తుంది. ఆర్వో నీళ్లు కలుపుకోండి, పీహెచ్ (నీళ్ల పులుపు కొలత) 5.5కీ 6.5కీ మధ్య ఉంచండి. మందు ఎ, బి అని రెండు సీసాల్లో వస్తుంది, వాటిని నేరుగా ఒకదాంట్లో ఒకటి పోయొద్దు, తెల్లగా అడుక్కి దిగిపోతుంది.

జెర్సీ_తెలుగమ్మాయి:
ఎవరైనా దీన్ని వ్యాపారంగా చేద్దామనుకుంటే రెండుసార్లు ఆలోచించండి. మా న్యూజెర్సీలోనే, న్యూఆర్క్‌లో పాత స్టీల్ మిల్లులో ఏరోఫార్మ్స్ అనే కంపెనీ ఇలాగే లైట్ల కింద పెద్ద ఎత్తున పండించింది. 2023 జూన్‌లో దివాలా పిటిషన్ వేసింది. అలాంటిదే మరో కంపెనీ బోవరీ 2024లో మూతపడింది. నీళ్లు చాలా ఆదా అవుతాయి, నిజమే. కానీ ఎండ ఉచితం, కరెంటు కాదు. ఇంటి అవసరానికైతే హాయిగా పెంచుకోండి.

సూళ్లూరుపేట_టీచర్:
మన దగ్గరి ముచ్చట కూడా చెప్పాలి. 2024 డిసెంబర్ 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్ఎల్వీ-సీ60లో ఇస్రో ఎనిమిది బొబ్బర్ల గింజలు పంపింది. నాలుగు రోజుల్లో మొలకెత్తాయి, ఆ తర్వాత ఆకులూ వచ్చాయి. మా పిల్లలు మూతపెట్టిన డబ్బాలో అవే బొబ్బర్లు మొలకెత్తించి, మూత లోపల పట్టిన తేమ చూసి "ఈ నీళ్లు ఎక్కడివి సార్" అని అడిగారు. ఆ రోజు పాఠమంతా దాని మీదే నడిచింది. పిల్లలుంటే వాళ్లతోనే పెట్టించండి మేడమ్.

మియాపూర్_మూడో_అంతస్తు:
అందరికీ థాంక్సండీ. కిట్ వద్దనుకున్నాం. రెండరల ర్యాక్, లైట్లు, ఫ్యాన్ విడిగా కొంటాం. మొదట ఏది పెట్టమంటారు?

బెజవాడ_ఆకుకూర:
పుదీనా. బజారులో కొన్న కట్టలోంచి గట్టి కాడలు నాలుగు తీసి, కింది ఆకులు తుంచి గ్లాసు నీళ్లలో ఉంచండి. వేళ్లు వచ్చాక కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) కప్పులోకి మార్చండి. మొదట మందు సగం మోతాదే వేయండి.