కంప్యూటర్ క్యాబినెట్ కోద్దామనుకుంటున్నా, ఎక్కడ కోయాలో చెప్పండి

స్టూడియో_నల్గొండ

అన్నలందరికీ నమస్తే. నాది నల్గొండలో చిన్న ఫొటో స్టూడియో, పెళ్ళి వీడియోల ఎడిటింగ్ కూడా నేనే చేసుకుంటా. రెండేళ్ళ కింద కట్టించిన సిస్టమ్. ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, దాంతో పాటు వచ్చిన చిన్న కూలరే, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, ముందంతా అద్దం ఉన్న క్యాబినెట్, అద్దం వెనక రంగు లైట్ల ఫ్యాన్లు మూడు, వెనక ఒకటి. చలికాలంలో ఏ గొడవా లేదు. ఏప్రిల్ వచ్చిందంటే మాత్రం ఎక్స్‌పోర్ట్ (ఎడిట్ చేసిన వీడియోని ఫైల్‌గా తీయడం) పెట్టిన పది నిమిషాలకే రైస్ మిల్లు మొదలైనట్టు మోత. వేడి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో చూస్తే ప్రాసెసర్ 100 డిగ్రీలు తాకుతోంది, స్పీడు 4 గిగాహెర్ట్జ్ నుంచి 3.1కి పడిపోతోంది. గంటలో అయ్యే ఫైల్ గంటన్నర. మొన్న పెళ్ళివాళ్ళు పెన్‌డ్రైవ్ కోసం స్టూడియోలోనే కూర్చుని ఛాయ్ మీద ఛాయ్ తాగుతూ "ఇంకెంతసేపయ్యా" అంటుంటే ఆ టెన్షన్ నాకే తెలుసు.

సైడ్ ప్యానెల్ తీసేస్తే 84 దాటట్లేదు. కానీ తీసి ఉంచలేను, మా దగ్గర బల్లులు ఎక్కువ. పోయినేడు ఒకటి గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్‌లో పడింది, ఆ వాసన వారం దాకా పోలేదు. అందుకే సైడ్ ప్యానెల్‌కి గుండ్రంగా కోసి 140 ఎంఎం ఫ్యాన్ బిగిద్దామనుకుంటున్నా, బావమరిది దగ్గర రేకు కోసే గ్రైండర్ ఉంది. సర్వీస్ అతన్ని అడిగితే "ఎండాకాలం అంతే, ఏసీ పెట్టించుకోండి" అన్నాడు. ఏసీ ఉంటే ఇక్కడెందుకు అడుగుతా?

డబ్బా_డాక్టర్ (మిర్యాలగూడ)

తమ్మీ, గ్రైండర్ జర పక్కన పెట్టు. సైడ్ తీస్తే 16 డిగ్రీలు తగ్గిందంటే నీ కూలర్‌ది పెద్ద తప్పు లేదు, డబ్బాకి ఊపిరి ఆడట్లేదు. సైడ్ తీసినా తగ్గకపోతే అప్పుడు ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య రాసే పేస్టు ఎండిపోయిందనో కూలర్ పిన్ను ఒకటి లేచిందనో అనుకోవచ్చు. ఇప్పుడు సైడ్ ప్యానెల్ మళ్ళీ బిగించి, ముందు అద్దం ఒక్కటే తీసి, అదే ఫైల్ 20 నిమిషాలు ఎక్స్‌పోర్ట్ పెట్టు. గదిలో వేడి ఎంతుందో కూడా రాసుకో. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి చూసి పోల్చావనుకో, ఆ లెక్క ఎందుకూ పనికిరాదు. గది ఒక డిగ్రీ పెరిగితే లోపల కూడా దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది.

అద్దం పక్కన సందు ఎంతుందో స్కేలుతో కొలిచి చెప్పు. ఈ అద్దం డబ్బాలన్నిటిదీ ఒకటే కథ. సందు సెంటీమీటరు, ఎత్తు 40 సెంటీమీటర్లు అనుకో, రెండు పక్కలా కలిపి 80 చదరపు సెంటీమీటర్లు. అద్దం వెనక ఉన్న 120 ఎంఎం ఫ్యాన్ ఒక్కోదానికి మధ్య మోటారు తీసేస్తే గాలి పోయే జాగా 100 దాకా ఉంటుంది, మూడింటికీ 300. అంటే మూడు ఫ్యాన్లు ఒక ఫ్యాన్‌కే చాలని సందులోంచి పీలుస్తున్నాయి. ఇక లోపలి సంగతి చూస్తే, ప్రాసెసర్ గట్టిగా లాగినప్పుడు 117 వాట్ల దాకా పోతుంది, 3060 ఇంకో 170. పాత గుండు బల్బులు 100 వాట్లవి మూడు ఆ డబ్బాలో వెలిగించి మూత పెట్టినట్టే.

పాలమూరు_పోరడు

డాక్టరన్న చెప్పినట్టు చెయ్యి భయ్యా, నేను చేసినట్టు చెయ్యకు. నేను మూడేళ్ళ కింద మహబూబ్‌నగర్‌లో రేకు కూలర్లు చేసే షాపులో పాత క్యాబినెట్ పైభాగం కోయించిన. బోర్డు, ర్యామ్, కార్డు అన్నీ తీసి మంచం మీద పరిచిన, చాలా తెలివిగా చేస్తున్నా అనుకున్న. ఎస్‌ఎంపీఎస్ (కరెంటు ఇచ్చే పెట్టె) మాత్రం స్క్రూలు గట్టిగా ఉన్నాయని అట్లనే ఉంచిన. కోసిన రేకు పొడి దాని జాలీలోంచి లోపలికి పోయింది. ఇంటికొచ్చి స్విచ్ వేస్తే టప్‌మని ఒక్క సప్పుడు, ఇల్లంతా కరెంటు పోయింది. అమ్మ వంటింట్లోంచి "ఏం చేసినవ్రా" అని అరిచింది. అదృష్టం, మిగతావి బయట ఉన్నాయి కాబట్టి బతికినయ్.

కోయాల్సిందే అయితే డబ్బా ఒట్టి రేకు మిగిలేదాకా విప్పు. 120 ఫ్యాన్‌కి స్క్రూ రంధ్రాల మధ్య 105 ఎంఎం, 140కి అయితే 124.5. పాత ఫ్యాన్‌నే రేకు మీద పెట్టి స్కెచ్‌తో గీసుకుంటే ఇంకా మంచిది. 120కి అయితే గుండ్రం 115 ఎంఎం దాకా కోయొచ్చు. గ్రైండర్‌తో గుండ్రం రాదు, మూలలు మూలలుగా వస్తుంది, నిప్పురవ్వలకి పెయింట్ కాలుతుంది. హోల్ సా (డ్రిల్‌కి తగిలించే గుండ్రటి రంపం) లేకపోతే చుట్టూ చిన్న రంధ్రాలు వేసి రేకు కత్తెరతో తెంపి ఆకురాయితో అంచు రుద్దుకో. కళ్ళద్దాలు పెట్టుకో. అంచు బ్లేడులా ఉంటది, నేను డ్రిప్ సన్న పైపుని పొడుగ్గా చీల్చి అంచు చుట్టూ తొడిగిన, మీ బత్తాయి తోటల్లో ఎవరినడిగినా మూర ముక్క ఊరికే ఇస్తారు.

ఇంకోటి, ముందు అద్దానికి మాత్రం డ్రిల్ పెట్టకు. అది టెంపర్డ్ అద్దం, ఒక్క రంధ్రం కూడా పడదు, మొత్తం జొన్నల్లా రాలిపోతది.

దేవరకొండ_టు_కూకట్‌పల్లి

ఇంత అవసరమా బ్రో? సికింద్రాబాద్ సీటీసీలోని కంప్యూటర్ షాపులకి ఒక పూట వచ్చి ముందు జాలీ ఉన్న క్యాబినెట్ కొనుక్కుపో, మూడు నాలుగు వేలల్లో వస్తుంది. కోసిన డబ్బా రేపు అమ్మినా ఎవడూ కొనడు.

స్టూడియో_నల్గొండ

@దేవరకొండ భయ్యా, సీజన్ డబ్బులు సగం ఇంకా పార్టీల దగ్గరే ఉన్నాయి, నాలుగు వేలు కూడా ఇప్పుడు వేలే.

డాక్టరన్నా, చూసిన. గది 37 ఉన్నప్పుడు: అన్నీ మూసి 100, అద్దం తీసి 91, సైడ్ కూడా తీస్తే 84. సందు మీరన్నంత కూడా లేదు, 8 ఎంఎం.

డబ్బా_డాక్టర్ (మిర్యాలగూడ)

100 నుంచి 91 అద్దం లెక్క. మరి 91కీ 84కీ మధ్య ఏడు డిగ్రీలు ఎవరివి? ముందంతా తెరిచి మూడు ఫ్యాన్లు లోపలికి ఊదుతుంటే ఇంత తేడా రావొద్దు. వేడి గాలి వెనక నుంచి పోవట్లేదన్నా కావాలి, పోయి మళ్ళీ ముందుకి వస్తోందన్నా కావాలి. రెండు పనులు చెయ్. ఒకటి, ఊదుబత్తి వెలిగించి ప్రతి ఫ్యాన్ దగ్గర పట్టు, పొగ ఎటు పోతుందో చూడు. వెనక ఫ్యాన్ తిరగేసి బిగించిన సిస్టమ్‌లు నా దగ్గరికి నెలకి రెండన్నా వస్తాయి. ఫ్యాన్ మధ్య మోటారుని పట్టుకున్న కాళ్ళు ఏ వైపు ఉంటాయో గాలి ఆ వైపే పోతుంది, గుర్తుపెట్టుకో. రెండు, డబ్బా ఎక్కడ పెట్టావు? ఫొటో పెట్టు.

స్టూడియో_నల్గొండ

ఊదుబత్తి పెట్టిన అన్నా, ఫ్యాన్లన్నీ సరైన దిక్కే. కానీ వెనక నుంచి పోయిన పొగ పైకి లేచి మళ్ళీ ముందుకి వచ్చింది.

ఫొటో పెట్టాలంటే సిగ్గుగా ఉంది. డబ్బా టేబుల్ కింద చెక్క అరలో ఉంటది. వడ్రంగితో చేయించిన, వెనక ప్లైవుడ్, ముందు తలుపు. కస్టమర్ల పిల్లలు వచ్చి లైటు వెలుగుతోంది కదా అని పవర్ బటన్ నొక్కుతున్నారని తలుపు పెట్టించిన. పరీక్ష చేసినప్పుడు తలుపు తెరిచే ఉంచిన. సైడ్ తీసినప్పుడు మాత్రం డబ్బా మొత్తం బయటికి లాగి పెట్టిన, అరలో అయితే ప్యానెల్ ఊడదు.

పాలమూరు_పోరడు

😂😂 అన్నా నువ్వు సిస్టమ్‌ని ఆవకాయ జాడీలా దాచిపెట్టినవ్

డబ్బా_డాక్టర్ (మిర్యాలగూడ)

నవ్వకండి, సగం ఆఫీసుల్లో ఇదే పద్ధతి. తమ్మీ, నువ్వు కోయాల్సింది రేకు కాదు, ఆ ప్లైవుడ్. వెనక పలక మొత్తం ఊడదీయించు, గోడకి జానెడు దూరం ఉంచు. పిల్లలకి భయపడితే పవర్ బటన్ వైరు బోర్డు నుంచి పీకి పైన టేబుల్ మీదికి చిన్న స్విచ్ లాక్కో, అది వంద రూపాయల పని.

అద్దం బదులు చిల్లుల రేకు కొలత ప్రకారం కోయించి పెట్టు, దాని వెనక సన్న నైలాన్ జాలి. దోమల జాలి మరీ సన్నది వద్దు, దుమ్ముతో నిండితే అద్దం ఉన్నట్టే అవుతుంది. పదిహేను రోజులకోసారి దులుపు. పత్తి వచ్చే నెలల్లో వారానికోసారి. మా మిల్లుల పక్కన షాపుల్లో అయితే తవుడు దుమ్ముకి మూడు రోజులు కూడా ఆగదు. బ్లోవర్ పెట్టేటప్పుడు ఫ్యాన్‌ని వేలితో పట్టుకో, గాలికి గిర్రున తిప్పితే బేరింగ్ పోతుంది. వెనక ఫ్యాన్ దగ్గర కంపెనీవాడు కొట్టిన తేనెగూడు రంధ్రాలు ఉన్నాయి చూడు, కోయాలని చేతులు దురద పెడితే అది కోసి తీగ జాలీ పెట్టుకో, అక్కడ అర్థముంది. సైడ్ ప్యానెల్ జోలికి మాత్రం పోకు.

డబ్బులు చేతికొచ్చాక కొనాల్సింది క్యాబినెట్ కాదు, ప్రాసెసర్ మీద నిలువుగా నిలబడే టవర్ కూలర్. నీ చిన్న కూలర్ డబ్బాలోని వేడి గాలినే తీసుకుని బోర్డు మీదికి ఊదుతోంది, టవర్‌ది అయితే వెనక ఫ్యాన్ వైపుకి తోస్తుంది. కొనేముందు ఎత్తు చూసుకో, 155-160 ఎంఎం ఉంటాయి, సైడ్ ప్యానెల్ మూసుకోకపోతే మళ్ళీ బల్లుల కథే.

కొత్తగా_చేరిన (వనపర్తి)

మధ్యలో అడుగుతున్నా, ఎయిర్ కూలర్ నేరుగా క్యాబినెట్ ముందు పెట్టొచ్చా? గాలి చల్లగా ఉంటుంది కదా.

డబ్బా_డాక్టర్ (మిర్యాలగూడ)

నేరుగా వద్దమ్మా. దూరంగా పెట్టి కిటికీ తెరిచి ఉంచితే మే నెల పొడి గాలికి గది నాలుగైదు డిగ్రీలు తగ్గుతుంది, అది సిస్టమ్‌కీ మేలే. ఎదురుగా పెడితే తుంపర్లు పడతాయి. మన బోరు నీళ్ళ సంగతి తెలుసు కదా, కూలర్ గడ్డి మీద తెల్లగా పేరుకునేదే బోర్డు మీదా పేరుకుంటుంది. వానాకాలంలో అయితే అసలే వద్దు.

స్టూడియో_నల్గొండ

పని అయింది. వడ్రంగి 300 తీసుకున్నాడు, వెనక పలకా ముందు తలుపూ రెండూ తీసేయించిన. చిల్లుల రేకు, జాలి, నల్ల స్ప్రే కలిపి 450. వెనక తేనెగూడు బావమరిదే కోసిండు, గ్రైండర్ తెచ్చినందుకు ఏదో ఒకటి కోయకపోతే ఊరుకోడు. ఎస్‌ఎంపీఎస్‌తో సహా అన్నీ విప్పే కోసినం, @పాలమూరు భయ్యా నీ పేరు తలుచుకుని. నిన్న గది 38, అరలోనే ఉంచి, సైడ్ మూసి, అదే ఫైల్: 86. స్పీడు 4 దగ్గరే నిలబడింది. గంటా రెండు నిమిషాల్లో ఎక్స్‌పోర్ట్ అయింది, మోత కూడా తగ్గింది.

ఒక్కటే మర్చిపోయిన, పైభాగం రంధ్రాలకి జాలి వేయలేదు. పొద్దున వచ్చి చూస్తే బల్లి సరిగ్గా అక్కడే, వెచ్చగా ఉందని పడుకుంది. ఇప్పుడు అట్ట ముక్క పెట్టిన. అట్టతో ఎక్స్‌పోర్ట్ పెట్టొచ్చా అన్నా, లేక జాలి తెచ్చేదాకా ఆగాలా?

డబ్బా_డాక్టర్ (మిర్యాలగూడ)

అట్ట తియ్. మిగిలిన నైలాన్ ముక్కని డబుల్ టేప్‌తో అంటించు, ఐదు నిమిషాల పని.