అర్జీ, మహజరు ఒకటేనా?

పాత దస్తావేజుల భాష గురించి ఇక్కడ సాగుతున్న చర్చలో అర్జీ, మహజరు, వినతిపత్రం అనే మూడింటినీ పర్యాయపదాలుగా కొందరు మిత్రులు పేర్కొన్నారు. మూడింటినీ కలిపేస్తే ప్రజలకు పనికివచ్చే ఒక భేదం పోతుందని నా అభిప్రాయం.

అర్జీ ఒక మనిషి తన కష్టం చెప్పుకోవడానికి పెట్టుకునేది. పింఛను ఆగినా, పాసుపుస్తకంలో సర్వే నంబరు తప్పుపడినా సోమవారం కలెక్టరేటుకు వెళ్లి ఇచ్చేది అర్జీయే. మహజరు ఒక ఊరివారో, ఒక వృత్తివారో కలిసి, చేవ్రాళ్లూ వేలిముద్రలూ వేసి పాలకులకు పంపుకునేది. ఇది అరబ్బీ మాట. మనం బడిలో పలికే ‘హాజరు’ కూడా ఆ ధాతువు నుంచే పుట్టింది. ఊరంతా కచేరీ గుమ్మం ఎక్కలేకపోయినా ఆ కాగితం మీద అందరూ హాజరైనట్టే లెక్క. పదిమంది ఎదుట రాసే పంచనామాకు కూడా కొన్నిచోట్ల మహజరు అనే పేరుండటానికి కారణం ఈ సమక్షమే.

ఇటువంటి ఉమ్మడి విన్నపం ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి గాజుల లక్ష్మీనరసు శెట్టి గారి కృషిని మించిన ఉదాహరణ నాకు తోచడం లేదు. చెన్నపట్నంలోని ఈ తెలుగు వర్తకుడు 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్‌ను స్థాపించారు. ఈస్టిండియా కుంపెనీ పాలనలో పన్నుల భారాన్నీ, న్యాయస్థానాల జాప్యాన్నీ వివరిస్తూ ఆ సంఘం బ్రిటిష్ పార్లమెంటుకు విన్నపం పంపింది. 1853లో ఆ పార్లమెంటు దిగువ సభయైన కామన్స్ సభలో సభ్యుడు డాన్బీ సేమూర్ మద్రాసుకు రాగా, శెట్టి గారు ఆయనను వెంటబెట్టుకుని జిల్లాలు తిప్పి, శిస్తు వసూలుకు రైతులను ఎలా హింసిస్తున్నారో స్వయంగా తెలుసుకునేట్టు చేశారు. 1854లో ఈ విషయం కామన్స్ సభలో చర్చకు వచ్చింది. ఆ ఏడాదే విచారణ సంఘం ఏర్పడింది. 1855 నాటి దాని నివేదిక హింస నిజమేనని ఒప్పుకుంది. ఒక కొస కలిపి కట్టిన రెండు కర్రల మధ్య వేళ్లు పెట్టి నొక్కడం, మనిషిని వంచి మెడనూ కాలివేళ్లనూ తాడుతో బిగించి అలాగే ఉంచడం వంటి పద్ధతులను అది వర్ణించింది. చదువుతుంటే కడుపు తరుక్కుపోతుంది. పోలీసు విధులను రెవెన్యూ ఉద్యోగుల చేతి నుంచి తప్పించే సంస్కరణకు, 1859 నాటి మద్రాసు పోలీసు చట్టానికి ఈ నివేదిక కూడా దారితీసింది.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. సేమూర్‌ను ఎన్నుకున్నవారు ఇంగ్లండు ఓటర్లు. మద్రాసు రైతుకు ఓటే లేదు. అయినా సభలో మాట్లాడే హక్కున్న ఒక మనిషి, పదిమంది సంతకాలున్న ఒక పత్రం, కళ్లారా చూసిన సాక్ష్యం కలిసినప్పుడు ప్రభుత్వం కదలక తప్పలేదు. కాగితం ఒక్కటే వెళ్లి ఉంటే ఏ బీరువాలోనో పడి ఉండేదేమో.

ఈనాడు మనకు ఓటూ ఉంది, సభ్యులూ ఉన్నారు. లోక్‌సభలో ప్రజా విన్నపాలను పరిశీలించడానికి ప్రత్యేకంగా ఒక కమిటీ ఉంది. సభ్యుడు సమర్పించే విన్నపం మీద ఆయన సంతకం కూడా ఉండాలి. విన్నపం హిందీలోనో ఇంగ్లీషులోనో కాక మరో భాషలో ఉంటే అనువాదం జతచేయాలి; అంటే తెలుగులో రాయడానికి అడ్డు లేదు. కానీ మన ఊళ్లలో చెరువు కట్ట తెగినా, బస్సు ఆగిపోయినా ఎవరికి వారు విడివిడిగా అర్జీ ఇచ్చి, రసీదు జేబులో పెట్టుకుని వస్తున్నాం. ఒక్కొక్క అర్జీని అధికారి ఒక్కొక్క మనిషి సమస్యగానే చూసి ముగిస్తారు. ఊరంతా సంతకాలు చేసి, శాసనసభ్యుని చేత కూడా సంతకం చేయించిన పత్రాన్ని అలా పక్కన పెట్టడం కష్టం.

అందువల్ల వినతిపత్రం అనే మాటను రెంటికీ వాడినా, ఉమ్మడిగా రాసిన దాన్ని మహజరు అని వేరుగా పిలవాలని నా ప్రతిపాదన. మీ ప్రాంతాల్లో ఈ మాట ఏ అర్థంలో వినిపిస్తోందో, మీ పెద్దలు దాచిన కాగితాల్లో ఎలా కనిపిస్తోందో దయచేసి రాయండి.