అప్‌డేట్: అమ్మతో, పిల్లలతో సింగపూర్‌లో ఐదు రోజులు
మోకాళ్ల నొప్పులున్న అమ్మను, ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని సింగపూర్‌లో ఐదు రోజులు ఎలా గడపాలని పోయిన నెల అడిగాను. ఉత్తరాన మండాయ్‌లో ఉన్న జూను, దక్షిణాన మెరీనా తీరంలోని గార్డెన్స్ బై ది బే ఉద్యానవనాన్ని ఒకే రోజున పెట్టవద్దని చాలామంది చెప్పారు. ఆ మాట విన్నందుకు బతికిపోయాము.

అనంతపురం నుంచి కారులో వెళ్లాము. విమానాశ్రయం బెంగళూరుకు ఇవతలే, దేవనహళ్లి వద్ద ఉండటంతో నగరపు ట్రాఫిక్ బెడద తప్పింది. సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు కాబట్టి, మొదటి రోజు పిల్లలను ఉదయం నిద్ర లేపడమే పెద్ద పనయింది.

మెట్రో స్టేషన్లలో లిఫ్టులు ఉన్నందున అమ్మకు మెట్లెక్కే అవసరం రాలేదు. గార్డెన్స్‌లో 25 నుంచి 50 మీటర్ల ఎత్తున్న సూపర్‌ట్రీల (చెట్ల ఆకారంలో కట్టిన నిర్మాణాలు) కింద, రాత్రి 7.45 గంటల ఉచిత దీపాల ప్రదర్శనను ఆమె చెప్పులు విడిచి, కాళ్లు చాపుకొని చూసింది. మరునాడు సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్లాము. వినోదాల దీవి సెంటోసాను మాత్రం వదిలేశాము. పిల్లలు అలిగారు, నాకైతే విచారం లేదు.

అమ్మ పట్టుబట్టి తెచ్చిన చెనక్కాయల పొడి డబ్బా మూడో రోజుకే ఖాళీ అయింది.