అప్‌డేట్: క్లామిడోమోనాస్ కశాభాల్లో ఐఎఫ్‌టీ కదలిక ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోంది

క్లామిడోమోనాస్ అనే ఏకకణ ఆకుపచ్చ శైవలానికి ఉండే తోకల్లాంటి కశాభాల లోపల నిర్మాణ సామగ్రిని మోసుకెళ్లే ఐఎఫ్‌టీ (కశాభాంతర రవాణా) ప్రోటీన్లకు పచ్చగా వెలిగే జీఎఫ్‌పీ ప్రోటీన్‌ను తగిలించి, గాజుకు అతి దగ్గరగా ఉన్నదాన్నే వెలిగించే టిర్ఫ్ మైక్రోస్కోపులో చూస్తే, కదిలే చుక్కలకు బదులు మసక వెలుగే కనిపిస్తోందని ఇక్కడ అడిగాను. సమస్య తీరింది, సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

మా మైక్రోస్కోపీ విభాగం నిపుణురాలు నమూనాను పరిశీలించి, కశాభాలు కవర్‌స్లిప్‌కు (నమూనాకు వాడే పలుచని గాజు పలకకు) అంటుకోకుండా ద్రవంలో ఆడుతున్నాయని గుర్తించారు. టిర్ఫ్ వెలుగు గాజు ఉపరితలం నుంచి సుమారు 100–200 నానోమీటర్ల వరకే చేరుతుంది కనుక, కశాభం కాస్త పైకి లేచినా ఆ పరిధి దాటిపోతుంది. మీలో ఒకరు సూచించినట్లే కణాలను కొన్ని నిమిషాలు కదపకుండా ఉంచి, రెండు కశాభాలనూ గాజుపై చాపుకున్న కణాలనే ఎంచుకున్నాం; అవి గాజుపై జారిపోకుండా, కాల్షియాన్ని పట్టి ఉంచే ఈజీటీఏ కలిపాం. ఇప్పుడు కైమోగ్రాఫ్‌లో (చుక్కల కదలికను కాలంతో పాటు గీతలుగా చూపే చిత్రంలో) సెకనుకు సుమారు 2 మైక్రాన్ల వేగంతో కొనవైపు వెళ్లే గీతలూ, అంతకన్నా వేగంగా వెనక్కి వచ్చే గీతలూ విడివిడిగా తెలుస్తున్నాయి. ఆమ్లంతో కశాభాలను రాల్చాక, తిరిగి మొలుస్తున్న పొట్టి కశాభాల్లో ఈ చుక్కలు మరింత ప్రకాశవంతంగా ఉండటం కళ్లారా చూడటం నిజంగా అపురూపం.

లేజరు శక్తి పెంచితే జీఎఫ్‌పీ త్వరగా వెలిసిపోయిందే తప్ప ఫలితం లేదు. కెమెరా మార్చాల్సిన అవసరం రాలేదు. పత్రహరితం వెలుగు అడ్డుపడుతోందన్న అనుమానానికీ ఆధారం దొరకలేదు. దాని ఎరుపు కాంతిని ఫిల్టరు ముందే ఆపేస్తోంది.