వెన్న క్రోసాంట్ బాగుందో లేదో రుచి చూసి ఎలా నిర్ణయించాలి?

ప్రశ్న:
మా దగ్గర్లోని బేకరీలో చేసే వెన్న క్రోసాంట్ (పిండి, వెన్న పొరలుగా మడిచి కాల్చే ఫ్రెంచ్ తినుబండారం) నాకు ఎంతో ఇష్టం. అయితే ఈ ఇష్టం అలవాటు వల్ల వచ్చిందా, లేక అది నిజంగానే బాగా చేసినదా అన్నది తేల్చుకోవాలని ఉంది. పైన కరకరలాడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది అనడం తప్ప ఇంకేమీ చెప్పలేకపోతున్నాను. దేన్ని గమనించాలో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం 1:
ఓవెన్‌లోంచి తీసిన వెంటనే మాత్రం తీర్పు చెప్పకండి. ఆ వేడి మీద వెన్న ఇంకా ద్రవంగానే ఉంటుంది కాబట్టి లోపలి భాగం ముద్దగా తగులుతుంది, పైగా వేడివేడిగా ఏది తిన్నా బాగున్నట్టే అనిపిస్తుంది. పూర్తిగా చల్లారాక బ్రెడ్ కోసే కత్తితో, నొక్కకుండా, అడ్డంగా రెండు ముక్కలు చేసి కోసిన చోట చూడండి. పిండి మధ్య వెన్న పలకను పెట్టి, మూడు మడతల చొప్పున మూడుసార్లు మడిస్తే 27 వెన్న పొరలు ఏర్పడతాయి. కాల్చేటప్పుడు నీరు ఆవిరై, ఈస్ట్ పుట్టించిన వాయువుతో కలిసి ఆ పొరలను విడదీస్తుంది. అందువల్ల లోపల తేనెపట్టులాగా పలుచని గోడలున్న గదులు కనిపించాలి. అలా కాక మామూలు బ్రెడ్‌లా చిన్న రంధ్రాలతో ఉండి, అడుగున జిడ్డు పేరుకుని ఉంటే, పిండి పొంగే చోట వేడి ఎక్కువై వెన్న ముందే కరిగి పిండిలో ఇంకిపోయి ఉండవచ్చు. పై రంగు ఎంత అందంగా ఉన్నా ఈ లోపాన్ని దాచలేదు.

సమాధానం 2:
పొరల విషయం సరైనదే కానీ, నా దృష్టిలో అసలు పరీక్ష మింగిన తరువాతే మొదలవుతుంది. వెన్న మన శరీర ఉష్ణోగ్రతకు లోపే కరిగిపోతుంది కనుక నోరు శుభ్రంగా ఉండి, పాల కమ్మదనం కొంతసేపు నిలుస్తుంది. పొరల కోసం వెన్నకు బదులు వాడే మార్జరిన్ (నూనెలతో చేసే కొవ్వు) సాధారణంగా అంతకంటే ఎక్కువ వేడికి గానీ కరగదు, కాబట్టి అంగిలికి మైనం పూసినట్టుగా ఒక పూత మిగులుతుంది. ఫ్రాన్స్‌లో చాలా బేకరీలు వెన్నతో చేసినవాటిని తిన్నగా, మార్జరిన్‌తో చేసినవాటిని నెలవంకలా వంచి చేస్తాయి. అయితే అది ఆనవాయితీయే తప్ప నియమం కాదు, కనుక ఆకారాన్ని కాక నాలుకనే నమ్మండి. రంగు కూడా లేత పసుపు దగ్గర ఆగిపోకుండా ముదురు గోధుమ రంగుకు రావాలి, ఎందుకంటే ఆ కమ్మని కాల్పు వాసన అక్కడే పుడుతుంది.

సమాధానం 3:
మీరు అడిగిన అలవాటు సంగతికి ఒక ఉపాయం ఉంది. అదే రోజు ఉదయం మరొక బేకరీ క్రోసాంట్ కూడా తెప్పించి, ఏది ఎక్కడిదో మీకు చెప్పకుండా ఇంట్లో వారిని ముక్కలు కోసి పెట్టమనండి. జామ్ గానీ కాఫీ గానీ తోడు లేకుండా, మధ్యమధ్య మంచినీళ్లు తాగుతూ తినండి. లోపలి తేమ క్రమంగా పైపొరలోకి చేరి కరకర పోతుంది కాబట్టి రెండూ దాదాపు ఒకే సమయంలో కాల్చినవై ఉండడం ముఖ్యం. ఉదయం కాల్చినదాన్ని సాయంత్రం కాల్చినదానితో పోల్చడం ఏ బేకరీకీ న్యాయం కాదు.